మీవాణ్ని వ్యాన్ ఎక్కించిన నిమిషం నుంచే లెక్క అక్కా

ప్రశ్న: తమ్ముడూ, మాది పాకాల దగ్గర పల్లె. మావాడికి 22 ఏళ్లు, తిరుపతిలో రూమ్ తీసుకుని ఎంఏ చదువుతా ఉన్నాడు. పోయిన వారం ఫ్రెండ్స్‌తో కలిసి ఒక పార్టీ ర్యాలీకి పోయినాడు. పొద్దున 11 గంటలకి పోలీసులు అందర్నీ వ్యాన్ ఎక్కించి ఒక కల్యాణ మండపంలో కూర్చోబెట్టినారంట. రాత్రి చాలామందిని పంపేసి మావాణ్ని, ఇంకో ఐదుగుర్ని స్టేషన్‌కి తీసుకుపోయినారు. అక్కడ అరికాళ్ల మీద లాఠీతో కొట్టినారు, ఫోన్ తీసుకున్నారు, తెల్ల కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం 3 గంటలకి చేతిలో ఏదో నోటీసు పెట్టి పంపించినారు. పోలీసుని తోసినాడని కేసంట, వాడేమో నేను ఎవర్నీ ముట్టుకోలేదంటాడు. నేను పోయి అడిగితే "మా మీద మీరేం చేయలేరు, మాకు చట్టంలోనే ప్రొటెక్షన్ ఉంది" అన్నారు. మా ఆయన గమ్మునుండమంటాడు. వాడు కానిస్టేబుల్ పోస్టుకి ప్రిపేర్ అవుతా ఉన్నాడు. ర్యాలీకి పోవడమే తప్పా? కొట్టినోళ్లని అడిగే దిక్కే లేదా? వాడి ఉద్యోగం సంగతేంది?

సమాధానం:

అక్కా, చట్టం సంగతి తర్వాత చెప్తా, ముందు వాణ్ని తిరుపతి రుయా ఆసుపత్రికి తీసుకుపోండి. ఓపీలో మామూలు నొప్పులని చెప్పొద్దు, "పోలీస్ స్టేషన్‌లో లాఠీతో కొట్టారు, ఫలానా తేదీ రాత్రి" అని డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పి మెడికో లీగల్ కేసుగా రాయించండి. వారమైపోయింది కదా ఇంకేం కనపడుతుందిలే అనుకోవద్దు, అరికాలి లోపల దెబ్బ పైకి తగ్గినట్టు కనిపించినా నడిస్తే నొప్పి ఉంటుంది, కమిలిన రంగు మారతా ఉంటుంది, అదంతా డాక్టర్ రాస్తాడు. ఫ్రెండ్స్ ఎవరైనా అప్పుడే ఫోటోలు తీసుంటే వాటిని వాట్సాప్‌లో పంపించుకోకుండా తీసిన ఫోన్‌లోనే ఒరిజినల్‌గా ఉంచమనండి, వాట్సాప్‌లో పోతే ఫోటో తీసిన తేదీ టైమ్ వివరాలు పోతాయి. అసలు అరెస్ట్ చేసిన మనిషిని వెంటనే డాక్టర్‌తో చూపించి ఆ రిపోర్ట్ కాపీ అతనికే ఇప్పించాలని కొత్త చట్టం, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 53వ సెక్షన్‌లో ఉంది. మీవాడికి అది చేయించారా అని అడగండి. చేయించి ఉండరు. చేయించలేదు అన్నది కూడా మీకు ఒక పాయింటే.

ఇప్పుడు ఆ నోటీసు. మీరు రాసినదాన్నిబట్టి అది అదే కొత్త చట్టం 35(3) సెక్షన్ నోటీసు అయ్యుంటుంది, పాత చట్టంలో 41ఏ నోటీసు అనేవాళ్లు, స్టేషన్‌లో ఇప్పటికీ చాలామంది అదే పేరుతో పిలుస్తారు. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో అరెస్ట్ అవసరం లేదనుకున్నప్పుడు అరెస్ట్‌కి బదులు ఇచ్చే కాగితం అది. ఏదంటే అదని ఎత్తి లోపలేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది కూడా. ఇక్కడే ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి అక్కా. అరెస్ట్ చేయక్కర్లేదు అని చెప్పే కాగితం మీ చేతిలో ఉంది. మరి ముందురోజు పొద్దున 11 నుంచి మర్నాడు మధ్యాహ్నం 3 దాకా, 28 గంటలు, వాడు ఎవరి అధీనంలో ఉన్నట్టు? అరెస్ట్ చేశామంటే 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టి ఉండాలి, రాజ్యాంగం 22వ ఆర్టికల్ రెండో క్లాజ్ అది, ప్రయాణానికి పట్టే టైమ్ తప్ప ఒక్క గంట కూడా ఎక్కువ ఉంచుకునే అధికారం ఎవరికీ లేదు. అరెస్ట్ చేయలేదంటే 28 గంటలు ఒక మనిషిని అక్రమంగా కూర్చోబెట్టినట్టు. రెండింట్లో ఏది చెప్పినా వాళ్లకి ఇబ్బందే.

వాళ్లు ఏం చెప్తారో కూడా ముందే చెప్తా వినండి. "కల్యాణ మండపంలో ఉంచింది అరెస్ట్ కాదు, ముందు జాగ్రత్త, స్టేషన్‌కి తెచ్చింది రాత్రి కాబట్టి టైమ్ అప్పటినుంచే" అంటారు. రికార్డులో కూడా అట్లానే రాసుకుంటారు. అది ఒప్పుకోవద్దు. మనిషి తన ఇష్టప్రకారం లేచి బయటికి పోలేని స్థితి ఎప్పుడు మొదలైందో అప్పటినుంచే లెక్క, తలుపు కల్యాణ మండపానిదా లాకప్‌దా అన్నది కాదు. 2025లో ఒక ఈడీ కేసులో సుప్రీంకోర్టు కాగితం మీద అరెస్ట్ రాసిన టైమ్ చూడలేదు, అతన్ని నిజంగా ఆపేసిన టైమ్ నుంచి లెక్కేసి ఆ అరెస్టే చెల్లదంది. ముందు జాగ్రత్త అరెస్ట్ అనే 170వ సెక్షన్ కూడా ఉంది, పాతది 151, దాంట్లో కూడా 24 గంటలే. ధర్నాల్లో పోలీసు మాట వినని వాళ్లని పక్కకి తీసుకుపోవచ్చని 172 అని కొత్తగా ఒకటి పెట్టారు, దాంట్లో కూడా చిన్న విషయాలైతే వీలైనంత తొందరగా, 24 గంటల్లోపే వదలాలి. ఏ దారిలో పోయినా 24 దాటే దారి లేదు.

కాబట్టి 11 గంటలకి వ్యాన్ ఎక్కించారని చూపించే ప్రతి ముక్కా ఇప్పుడు ముఖ్యం. ఆ రోజు వీడియోలు ఎవరో ఒకరు తీసుంటారు, లోకల్ ఛానళ్ల వాళ్లు ఉండే ఉంటారు, మండపం నుంచి వాడు మీకు ఫోన్ చేసుంటే కాల్ లిస్ట్ ఉంటుంది, ముందే వదిలేసిన పిల్లలు సాక్షులు. మండపం వాచ్‌మన్ కూడా సాక్షే, చెప్తాడా లేదా తర్వాత సంగతి. స్టేషన్‌లో సీసీ కెమెరా ఉండాలని, ఫుటేజ్ 18 నెలలు, ఎంత తక్కువైనా ఏడాది దాచాలని 2020 డిసెంబర్లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆర్డర్ ఇచ్చింది. లోపలికి వచ్చే దారి, లాకప్, కారిడార్, రిసెప్షన్ అన్నీ కవర్ అవ్వాలి అందులో. ఈ వారంలోనే జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్ట్‌లో ఒక లెటర్ పెట్టండి, ఫలానా తేదీ ఫలానా టైమ్ నుంచి ఫలానా టైమ్ దాకా ఫుటేజ్ చెరిపేయకుండా భద్రపరచమని. పోస్ట్ రసీదు జాగ్రత్త. తర్వాత "కెమెరా పని చేయలేదు" అని సమాధానం వస్తే ఆ సమాధానం మేజిస్ట్రేట్ ముందు మీకే పనికొస్తుంది.

అదే లెటర్లో తెల్ల కాగితాల సంగతి కూడా రాయండి, ఎన్ని కాగితాల మీద ఎక్కడ సంతకం పెట్టించారో వాడికి గుర్తున్నంత. ఇప్పుడు రాసి పెడితే రేపు ఆ సంతకాల పైన ఏదైనా రాసుకొచ్చినా "మేం అప్పుడే చెప్పాం" అనొచ్చు. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నట్టు ఉన్న కాగితం కోర్టులో ఎట్లాగూ చెల్లదు. ఫోన్ తీసుకున్నందుకు రసీదు, పంచనామా ఏదీ ఇవ్వకపోతే అదీ రాయండి.

ర్యాలీకి పోవడం తప్పా అని అడిగారు. కాదు. ఆయుధాలు లేకుండా ప్రశాంతంగా గుమికూడే హక్కు 19వ ఆర్టికల్‌లో పేరు పెట్టి ఇచ్చిన హక్కు, ఎవరో దయతలచి ఇచ్చే పర్మిషన్ కాదు. 1972లో హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు రోడ్ల మీద సభల్ని క్రమబద్ధం చేయొచ్చు గానీ అసలుకే లేకుండా చేసే అధికారం పోలీస్ కమిషనర్‌కి లేదని చెప్పింది. అట్లాగని రోడ్డు మొత్తం కట్టేసి రోజులకొద్దీ కూర్చునే హక్కు కూడా లేదు, ఢిల్లీ షాహీన్‌బాగ్ ధర్నా కేసులో 2020లో అదే అన్నారు. మన ఊళ్లో ఇంకో విషయం, తిరుమల కొండ మీద రాజకీయ మాటలు వద్దని టీటీడీ బోర్డు 2024 నవంబర్లో తీర్మానం చేసింది, కింద తిరుపతి రోడ్ల మీద అది వర్తించదు, కొంతమంది రెండూ కలిపేసి మాట్లాడతారు.

"సెక్షన్ 30 అమల్లో ఉంది" అని మైకులో చెప్పుంటారు కదా, అది 1861 నాటి పోలీస్ యాక్ట్‌లో సభలు, ఊరేగింపుల్ని పోలీసులు అదుపు చేసే సెక్షన్. దాన్ని ఎంతవరకు వాడొచ్చో మన రాష్ట్రంలోనే తేలింది. కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల తర్వాత 2023 జనవరిలో అప్పటి ప్రభుత్వం ఆ సెక్షన్ చూపించే జీవో నంబర్ 1 తెచ్చి రోడ్ల మీద సభలు, రోడ్‌షోలు ఆపేసింది, చిత్తూరు జిల్లా కుప్పంలోనే చంద్రబాబు గారిని అదే జీవో పేరుతో అడ్డుకున్నారు, మే నెలలో హైకోర్టు ఆ జీవోనే కొట్టేసింది. 2024 జూన్ నుంచి ఆయనే ముఖ్యమంత్రి, ఇప్పుడు రోడ్డు మీద ఉండేది వేరే వాళ్లు. అందుకే మీవాడు పోయింది ఏ పార్టీ ర్యాలీనో నేను అడగలేదు, నాకు అక్కర్లేదు. జనం చచ్చిపోయిన ఘటనల తర్వాత జాగ్రత్త అడగడం తప్పు కాదు, జాగ్రత్త పేరు చెప్పి మనుషుల నోరు మూయించడమే తప్పు, అది ఎవరు చేసినా.

నిషేధాజ్ఞలున్నా రోడ్డు మీదికి వచ్చారని కేసు పెడితే అది బీఎన్ఎస్, అంటే ఐపీసీకి బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్, పాత 188. దాంట్లో ఒక మెలిక ఉంది, ఆ ఆర్డర్ ఇచ్చిన అధికారో ఆయన పై అధికారో రాతపూర్వకంగా కోర్టుకి కంప్లైంట్ ఇస్తే తప్ప కోర్టు దాన్ని విచారణకి తీసుకోకూడదు, ఉత్త ఎఫ్ఐఆర్, చార్జిషీట్ సరిపోవు. చాలా ధర్నా కేసులు ఈ పాయింట్ మీదే హైకోర్టుల్లో పోయాయి. కానీ మీవాడి మీద పెట్టింది పోలీసుని తోశాడని, అంటే 132 అయ్యుంటుంది, పాతది 353, ఇది నాన్‌బెయిలబుల్, రెండేళ్ల దాకా శిక్ష, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఎఫ్ఐఆర్ కాపీ తెప్పించండి, సున్నితమైన కేసులు తప్ప మిగతావి 24 గంటల్లో పోలీస్ వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016 నుంచీ ఉంది. దాంట్లో మీవాడి పేరు ఉందా, ఏ పోలీసుని ఎక్కడ తోశాడని రాశారు, లేక "ఇంకా కొంతమంది" అని రాసి తర్వాత పేరు ఎక్కించారా, ఇవి చూడాలి. వీడియోలో వాడు వెనక వరసలో నిలబడి ఉంటే, కేసు కొట్టేయమని హైకోర్టుకి పోయేటప్పుడు అదే పనికొస్తుంది.

ఇక అసలు మాట, "మాకు చట్టంలోనే ప్రొటెక్షన్ ఉంది". సగం నిజం అక్కా. డ్యూటీ చేసే అధికారి మీద ప్రతివాడూ కేసు వేస్తే పని జరగదని కొంత రక్షణ ఇచ్చారు, అది సబబే. గుంపు చెదరగొట్టేటప్పుడు మంచి ఉద్దేశంతో చేసిన పనికి ఒక రక్షణ ఉంది. దానికి తోడు నాగరిక్ సురక్షా సంహిత 218వ సెక్షన్, పాత 197, డ్యూటీలో భాగంగా చేసిన పని మీద కోర్టు కేసు తీసుకోవాలంటే ముందు ప్రభుత్వం అనుమతి ఉండాలని. ఇదివరకు ఆ ఫైల్ ఏళ్లకేళ్లు పడి ఉండేది, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో 120 రోజుల్లో ప్రభుత్వం ఏదో ఒకటి తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఇది మంచి మార్పు, చాలామందికి తెలీదు.

కానీ ఈ 218 అందరికీ కాదు. ప్రభుత్వం అనుమతి లేకుండా ఉద్యోగంలోంచి తీయడానికి వీల్లేని అధికారులకే. కానిస్టేబుల్‌ని, ఎస్ఐని తీసేసే అధికారం పోలీస్ శాఖలో పై అధికారులకే ఉంటుంది కాబట్టి వాళ్లు మామూలుగా దీని కిందికి రారు, 1960ల్లోనే మైసూరు ఎస్ఐ నాగరాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఇచ్చి కింది వాళ్లకి కూడా వర్తింపజేసి ఉంటే తప్ప. డీఎస్పీ, ఎస్పీ స్థాయి అయితే కష్టం, కర్ణాటక నుంచి వచ్చిన దేవరాజ కేసులో 2020లో, అధికారం మించి చేసినా సరే ఆ పనికి డ్యూటీతో సంబంధం ఉంటే అనుమతి తెచ్చుకోవాల్సిందే అన్నారు. అందుకని మీ కంప్లైంట్‌లో "పోలీసులు కొట్టారు" అని గుంపుగా రాయొద్దు. ఎవరు పట్టుకున్నారు, ఎవరు కొట్టారు, నేమ్ ప్లేట్ ఉందా, పేరు తెలీకపోతే మనిషి ఎట్లా ఉన్నాడు, ఆ టైమ్‌లో రూమ్‌లో ఇంకెవరున్నారు, ఇట్లా మనిషి మనిషికి విడగొట్టి రాయాలి. ర్యాలీ దగ్గర తోపులాటలో తగిలిన దెబ్బ వేరు, రాత్రి స్టేషన్‌లో అరికాళ్ల మీద కొట్టింది వేరు, రెండూ కలిపి రాస్తే మొదటిదాని రక్షణ రెండోదానికి కూడా అడ్డం పెట్టుకుంటారు. స్టేషన్‌లో కూర్చోబెట్టిన కుర్రాణ్ని కొట్టడం ఏ గుంపుని చెదరగొట్టడం?

మన చిత్తూరు, తిరుపతి వైపు ఇంకో పాత చట్టం ఉంది, 1859 నాటి మద్రాసు జిల్లా పోలీస్ యాక్ట్, మనం అప్పట్లో మద్రాసు కింద ఉన్నాం కాబట్టి ఆంధ్ర ప్రాంతానికి అది వచ్చింది. దాని 53వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింద పోలీసు చేసిన పని మీద కేసు వేయాలంటే మూడు నెలల్లోపే. 1963లో మన ఆంధ్ర కేసే ఒకటి, వేణుగోపాల్ కేసు అంటారు, అనుమానితుణ్ని కొట్టడం ఆ చట్టం కింద చేసిన పని కానే కాదు, కాబట్టి ఆ గడువు పోలీసులని కాపాడదు అని సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పింది నిజమే గానీ మీరు దాని మీద భరోసా పెట్టుకుని ఆలస్యం చేయొద్దు, మూడు నెలల లోపలే కోర్టులో కంప్లైంట్ వేసేస్తే ఆ గొడవే రాదు. ముందు ఎస్పీకి రాతపూర్వకంగా ఇవ్వండి, కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టులో ప్రైవేట్ కంప్లైంట్, అంటే మీరే నేరుగా కోర్టులో వేసే ఫిర్యాదు. కొత్త చట్టంలో మేజిస్ట్రేట్ ముందు పై అధికారి రిపోర్ట్, ఆ పోలీసు చెప్పేది కూడా తెప్పించుకుంటాడు, కాబట్టి నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి. మానవ హక్కుల కమిషన్‌కి కూడా పెట్టుకోవచ్చు, రాష్ట్ర కమిషన్ కర్నూలులో ఉంది, ఘటన జరిగిన ఏడాదిలోపు.

శిక్ష సంగతి అట్లా ఉంచి నష్టపరిహారం అడిగేది ప్రభుత్వాన్ని. దానికీ ఒకప్పుడు "ప్రభుత్వం సార్వభౌమం, దాని మీద దావా నడవదు" అని 1964 కస్తూరిలాల్ కేసు అడ్డం పెట్టేవాళ్లు. దాన్ని పక్కకి నెట్టింది మన రాయలసీమ కేసే అక్కా. 1977లో కోయిలకుంట్ల సబ్‌జైల్లో ఉన్న తండ్రీకొడుకుల మీద రాత్రిపూట బాంబులేశారు, తండ్రి చనిపోయాడు, కొడుకు చల్లా రామకృష్ణారెడ్డి పరిహారం కోసం ప్రభుత్వం మీద దావా వేసి సుప్రీంకోర్టు దాకా పోరాడాడు. ప్రాణం, స్వేచ్ఛ అనే హక్కు పోయినచోట ఆ సార్వభౌమం మాట చెల్లదని 2000లో తీర్పు వచ్చింది. మీవాడు యూట్యూబ్‌లో అమెరికా "క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ" (పోలీసులకి దావాల నుంచి ఉండే రక్షణ) వీడియోలు చూసి భయపడుంటే చెప్పండి, అది అక్కడి కోర్టులు పెట్టుకున్న రూలు, ఇక్కడ లేదు.

ఉద్యోగం గురించి మీ భయం నాకు అర్థమైంది, కానిస్టేబుల్ పోస్టుకి వెరిఫికేషన్ గట్టిగానే ఉంటుంది. ఒక్కటే చెప్తా, అటెస్టేషన్ ఫారంలో కేసు ఉందా అని అడిగితే ఉందనే రాయించండి. ఎవరెంత చెప్పినా దాచొద్దు. కేసు కంటే దాచడమే ఎక్కువ ఉద్యోగాలు పోగొట్టింది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమంతా ఒక చోట పెట్టింది, చిన్న కేసులకి ఉదాహరణగా ఏం చెప్పారో తెలుసా, చిన్న వయసులో నినాదాలు చేయడం. అట్లాంటి కేసైతే దాచినా కూడా అధికారి తన విచక్షణతో వదిలేయొచ్చని. కానీ 132 ఆ లెక్కలోకి రావడం కష్టం, అందుకే కేసు కొట్టేయించడానికి ఇప్పుడే కదలండి, నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగితే టైమ్ చాలదు. "రౌడీ షీట్ తెరుస్తాం", "తహసీల్దార్ దగ్గర బైండోవర్ చేయిస్తాం" అని బెదిరిస్తే భయపడి ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. బైండోవర్‌కి, అంటే గొడవ చేయనని పూచీకత్తు రాయించుకోవడానికి కూడా ముందు నోటీసు ఇచ్చి మీ మాట వినాలి.

నోటీసులో ఉన్న తేదీకి వాడు తప్పకుండా పోవాలి, పోకపోతే అదే అరెస్ట్‌కి కారణం చూపిస్తారు. ఒక్కడే పోవద్దు, అడ్వకేట్‌తో పోవాలి, పోయిన టైమ్ వచ్చిన టైమ్ రాసుకోవాలి. ఒకవేళ అప్పుడు అరెస్ట్ అంటే కారణాలు కాగితం మీద రాసి, వాడికి అర్థమయ్యే భాషలో, అంటే తెలుగులో ఇవ్వమని అడగాలి. 2025 నవంబర్లో మిహిర్ షా కేసు తర్వాత ఇది ఏ నేరానికైనా వర్తిస్తుంది. ఇంట్లోవాళ్లకి చెప్పాలి, అడ్వకేట్‌ని కలవనివ్వాలి, ఇవి 1996 డీకే బసు తీర్పు నాటి నుంచీ ఉన్నవే. డబ్బుల ఇబ్బంది ఉంటే ఉచిత న్యాయ సహాయం నంబర్ 15100కి ఫోన్ చేయండి, లేదంటే చిత్తూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి పోండి. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని పెట్టాలి, కాబట్టి ఎస్పీకి పెట్టే కంప్లైంట్ వాడితో పాటు మీ పేరు మీద కూడా పెట్టండి, మిమ్మల్ని స్టేషన్‌లో అన్న మాటలు కూడా దాంట్లో చేర్చి.

బావగారికి నా మాటగా చెప్పండి, గమ్మునుంటే ఆ 132 కేసు గమ్మునుండదు, మీవాడు కోర్టు చుట్టూ తిరగాల్సింది ఎట్లాగూ ఉంది, ఆ తిరిగేదేదో తన మాట కూడా చెప్పుకుంటూ తిరగనివ్వండి. మళ్లీ ర్యాలీకి పంపాలా వద్దా అన్నది మాత్రం మీరు, ఆయన తేల్చేది కాదక్కా. వాడికి 22 ఏళ్లు, వాణ్నే తేల్చుకోనివ్వండి.